గోడకు అవతల పలికిన మనిషి

మా పక్కింటి బాబాయి పోయారు. పొద్దున పాలు పోసే మనిషి నా గుమ్మంలోకి వచ్చి, "దీదీ, బాబా దర్వాజా నహీ ఖోల్ రహే," అన్నాడు. తలుపు తీయకపోవడం ఆయన పద్ధతి కాదు. సైకిల్ బెల్లు సందు మొదట్లో వినపడగానే గిన్నె పట్టుకుని గడపలో నిలబడే మనిషి. ఒక్క తాళమే తప్ప లోపల గొళ్లెం ఎప్పుడూ పెట్టుకునేవారు కాదు. నా దగ్గరున్న రెండో తాళంచెవితో తీసి చూస్తే, మంచం మీద పక్కకు తిరిగి, చెయ్యి చెంప కింద పెట్టుకుని పడుకుని ఉన్నారు. నిద్రలోనే పోయారని డాక్టరు అన్నాడు.

ముందు రోజు సాయంత్రం ఆయన గోడ కొట్టారు. నేను పలికాను. ఆ ఒక్క సంగతి పట్టుకుని ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నాను. రాయ్‌పూర్‌లోని మన తెలుగువాళ్లలో చాలామందికి ఆయన తెలియదు. ఉగాది సభలకీ, వనభోజనాలకీ వచ్చే మనిషి కాదు. మా సందులోవాళ్లకి మాత్రం ఆయన 'జహాజ్‌వాలే బాబా'. ఓడ మీద పనిచేసి వచ్చిన మనిషి ఊరి చివర ఈ బీర్‌గావ్‌లో, ఫ్యాక్టరీల పొగలో ఎందుకు కాపురం పెట్టాడన్నది సందులో అందరికీ వింతే.

దానికి కారణం పిన్ని. ఇద్దరిదీ కాకినాడ దగ్గర ఊరు. పిన్ని ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. పెళ్లయ్యేనాటికే ఆవిడ ఉద్యోగం ఇక్కడ స్థిరపడిపోయింది. ఓడ మీద బతికేవాడికి ఏ ఊరైనా ఒకటే కనక ఆయన ఇల్లు ఇక్కడికి తెచ్చుకున్నారు. ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్ల మీద, మిగిలిన కొన్ని వారాలు బీర్‌గావ్‌లో. పిల్లల్లేరు. ఆయన ఉద్యోగం మానేసి పూర్తిగా వచ్చేశాక పిన్ని ఎంతోకాలం ఉండలేదు. ఆవిడ పోయాక, ఎటు చూసినా సముద్రం లేని ఈ ఊళ్లో ఆయన ఒక్కరే మిగిలారు. కాకినాడ వెళ్లిపొండని బంధువులు అన్నారు. పిన్ని సమాధి ఇక్కడ ఉంది కదా అనేవారు. ఆ తర్వాత ఇంకెవరూ అడగలేదు.

మా ఇళ్లు ఒకే కంట్రాక్టరు వరసగా కట్టినవి. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ, అదీ పలచటి ఇటుక గోడ. పక్కింట్లో తుమ్మితే మా ఇంట్లో చిరంజీవ అనొచ్చు. మా నాన్న రైల్వేలో పనిచేసి రిటైరయ్యాక ఇందులో ఒకటి కొన్నారు. మాది శ్రీకాకుళం. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, ఇక్కడి పిల్లలకే హిందీ చెబుతున్నాను. తెలుగు పంతులమ్మని కాదు. తప్పులుంటే మన్నించండి, మన్నించకపోయినా నేను చెయ్యగలిగింది లేదు.

బాబాయి భోజనం చేసే బల్ల మీద ఎప్పుడూ ఒక తడిగుడ్డ పరిచి ఉండేది. కంచం జారిపోకుండా అట. ఓడ ఊగేటప్పుడు వంటవాడు అలా పరిచేవాడట. "రాయ్‌పూర్ ఊగదు కదండీ, ఆ గుడ్డ తీసి ఆరేయండి," అని పిన్ని ఎన్నిసార్లు వేళాకోళం చేసినా ఆయన తీయలేదు. గ్లాసుని ఎప్పుడూ బల్ల అంచున పెట్టేవారు కాదు. అలమరా తలుపులకి చిన్న కొక్కేలు ఉండేవి. ఇంట్లో ఫ్రిజ్ ఉండేది కాదు. మే నెలలో రాయ్‌పూర్ పెనంలా కాలుతున్నప్పుడు కూడా కుండలో నీళ్లే. సందులో ఎవరైనా ఐస్ వేసిన షర్బత్ ఇస్తే ముక్క తీసి పక్కన పెట్టేసి తాగేవారు. "మంచు నాకు సరిపడా అయిపోయిందమ్మాయ్," అనేవారు నాతో.

పిల్లలు ఆయన్ని తిమింగలాల గురించి అడిగేవారు. దక్షిణాన ప్రపంచం చివర, మంచు తప్ప మట్టి కనపడని చోట, అక్కడ పరిశోధన చేసే వాళ్లకి సామాను మోసుకెళ్లే ఓడ మీద ఆయన పనిచేశారు. అంత దూరం పోయి వచ్చిన మనిషి పెంగ్విన్ల గురించీ, తుఫాన్ల గురించీ చెబుతాడని పిల్లల ఆశ. ఆయనేమో పప్పు ఉడకడానికి ఎంతసేపు పట్టేదో, బట్టలు ఎలా ఆరేవో చెప్పేవారు. పిల్లలు విసుగెత్తి క్రికెట్టుకి పోయేవారు. ఒకసారి మంచులో ఇరుక్కున్న చేపల పడవని వీళ్ల ఓడ కాపాడిందని పిన్ని నోట విన్నాను. ఆ మాటెత్తితే ఆయన లేచి మొక్కలకి నీళ్లు పోసుకునేవారు.

ఇక గోడ సంగతి. నాన్న అంతకుముందే పోయారు. మా అమ్మ కూడా పోయిన తర్వాత, కర్మలన్నీ అయిపోయి, చుట్టాలు ఒక్కొక్కరే రైలెక్కేశారు. అందరూ వెళ్లిన ఆ మొదటి సాయంత్రం ఇంట్లో దీపం వెయ్యాలని కూడా తోచక వంటింట్లో కూర్చున్నాను. ఏడుపు కూడా రాలేదు. అప్పుడు గోడ మీద రెండు దెబ్బలు వినపడ్డాయి. కాసేపాగి మళ్లీ రెండు. ఈయనకి ఏమైందోనని చెప్పుల్లేకుండా పరిగెత్తాను. ఆయన చేతిలో పాత ఇనుప పానా పట్టుకుని గోడ పక్కన నిలబడి ఉన్నారు.

"ఏటైంది బాబాయి? ఏటి కావాలి?"

"ఏమీ వద్దమ్మాయ్. నేను ముసలివాణ్ణి, ఒక్కణ్ణే ఉంటాను. ఏదైనా అయితే నీకు తెలియాలి కదా. సాయంత్రం నువ్వు వచ్చేక నేను రెండు కొడతాను. నువ్వు రెండు కొట్టు. అంతే."

పెద్దాయన, పాపం భయపడుతున్నారనుకున్నాను. సరేనన్నాను. ఇంటికి వచ్చి, చేతికందిన చపాతీ కర్రతో రెండు కొట్టి, దీపం వేసి, బియ్యం కడిగాను.

అది అలా సాగిపోయింది. నేను బడి నుంచి వచ్చి, మొహం కడుక్కుని, స్టవ్ వెలిగించేసరికి అటు నుంచి రెండు దెబ్బలు. ఇటు నుంచి రెండు. ఆ పూటకి మాట్లాడుకోవడం అయిపోయినట్టే. కొన్ని రోజులు ఇంకో మాట లేకుండా గడిచిపోయేవి. గోడకి నా వైపు కర్ర తగిలీ తగిలీ ఒక గుంట పడింది. సున్నం వేసేవాడు దాన్ని పూడుస్తానంటే వద్దన్నాను. నిజం చెప్పాలంటే ఒక్కోసారి చిరాకు కూడా వేసేది. తలనొప్పితో వచ్చి పడుకుంటే మళ్లీ లేచి గోడ దగ్గరికి పోవాలి. పెద్దవాళ్ల చాదస్తం అని గొణుక్కుంటూ కర్ర అందుకునేదాన్ని. కర్ర కింద పెట్టాక మాత్రం ఇల్లు కొంచెం చిన్నదైనట్టు, నాకు సరిపడేంతే ఉన్నట్టు అనిపించేది. అది ఎందుకో అప్పుడు ఆలోచించలేదు.

ఒకరోజు పరీక్ష పేపర్ల పని మీద ఊరికి అవతలి కొసకి వెళ్లాను. తిరిగి వస్తుంటే టాటీబంధ్ దగ్గర లారీలు అడ్డం తిరిగి దారి మూసుకుపోయింది. ఫోన్‌లో ఛార్జి లేదు. ఆటోలో కూర్చుని హారన్లు వింటూ ఉండిపోయాను. సందులోకి వచ్చేసరికి ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి ఉంది. "కబ్ లే ఠోకత్ హే సియాన్ హ," అంది. పెద్దాయన ఎప్పట్నుంచో గోడ కొడుతూనే ఉన్నాడట. బుర్ర పనిచెయ్యడం మానేసిందేమో చూడమంది. మా ఇంట్లోకి అడుగు పెట్టేసరికి నిజంగానే వినపడింది. రెండు దెబ్బలు, కొంచెం ఆగి మళ్లీ రెండు. తొందర లేదు, కోపం లేదు. సంచీ కింద పెట్టకుండానే కర్ర తీసి కొట్టాను. అటువైపు ఆగింది.

అప్పుడు ఆయన ఇంటికి వెళ్లి గట్టిగానే అడిగాను. నేను ఇంట్లో లేనని తెలిసీ, జవాబు రాదని తెలిసీ ఎందుకు కొట్టాలి? సందులోవాళ్లు ఏమనుకుంటారు? ఆయన పానాని బల్ల మీద తడిగుడ్డలో పెట్టి, కూర్చోమన్నారు. టీ పెట్టారు. చెప్పనేమో అనుకున్నాను. చెప్పారు.

ఆ మంచు ప్రాంతంలో, వీళ్ల ఓడ వెళ్లే కాలంలో సూర్యుడు అస్తమించడట. ఆకాశం అంచునే గుండ్రంగా తిరుగుతూ ఉంటాడట. "అక్కడ చలి కన్నా అది కష్టమమ్మాయ్. సాయంత్రం అనేది ఉండదు. ఇంటికి పోయే వేళ ఉండదు," అన్నారు. అటువంటి చోట వాళ్ల ఓడకి కబురందింది. ఎవరిదో చేపల పడవ, మంచుగడ్డ తగిలి ముందు భాగం పగిలింది, నీళ్లు వస్తున్నాయి. మంచును చీల్చుకుంటూ వీళ్లు వెళ్లేసరికి ఆ పడవ ముక్కు కిందికి దిగిపోయి ఉంది. వీళ్ల ఓడ నుంచి పంపులు, చెక్కలు, సిమెంటు బస్తాలు దింపారు. కొందరు మనుషులూ దిగారు. వాళ్లలో ఈయన ఒకరు.

పగులు ఉన్నది పడవ ముందు కొసన ఇరుకు గదిలో. అందులో ఒక్క మనిషి మాత్రమే పనిచెయ్యగలడు. ఆ పడవ మేస్త్రీయే దిగాడు. పగులు చుట్టూ చెక్కలతో పెట్టె కట్టి, దాన్నిండా సిమెంటు పోస్తారట. నీళ్లు తోసుకొస్తుంటే సిమెంటు నిలవదు కనక పెట్టెలోంచి ఒక గొట్టం పెట్టి, నీళ్లని ముందు దాని గుండా పోనిస్తారు. సిమెంటు గట్టిపడ్డాక గొట్టానికి బిరడా బిగిస్తారు. అప్పటిదాకా ఆ మనిషి నడుం లోతు మంచునీళ్లలో నిలబడి చెక్కలు కదలకుండా చూసుకోవాలి. పగులు పెద్దదైతే నీళ్లు ఆ గదితోనే ఆగాలని, పక్క గదికి ఉన్న ఇనుప తలుపు బిగించేశారు. లోపలి మనిషికి మిగిలిన దారి నెత్తి మీద ఉన్న చిన్న కంత ఒక్కటే.

బాబాయిని ఆ పక్క గదిలో, ఇనుప గోడకి ఇవతల నిలబెట్టారు. గోడ ఉబ్బకుండా దుంగలు బిగించడం ఒక పని. రెండో పని, లోపలి మనిషి కొట్టే దెబ్బలు వినడం. పంపుల రొదలో, గాలిలో పైనుంచి కేకేస్తే వినపడదు. అందుకని అతను సుత్తితో రెండు కొడితే బాగున్నానని. గబగబా కొడితే పైకి లాగమని. ఈయన పానాతో రెండు కొట్టి, విన్నాను అని చెప్పాలి. అతనిది ఏ భాషో ఈయనకి తెలియదు. ఈయన తెలుగు అతనికి తెలియదు. ఈ రెండు దెబ్బలే ఇద్దరి మాట.

సగం పనిలో ఉండగా పెద్ద మంచుపలక ఒకటి వచ్చి పడవని పక్క నుంచి నొక్కింది. పడవ ఒరిగింది. బిగించిన దుంగలు కిర్రుమన్నాయి. అందరూ వచ్చేయండి, ఓడ మీదికి పోదాం అని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. లోపలి మనిషికి కంతలోంచి సైగ చేశారట. అతను తల అడ్డంగా ఊపాడట. సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది, చెయ్యి తీస్తే అంతా కొట్టుకుపోతుంది. అతని పడవ, అతని ఇష్టం. మిగతావాళ్లు మెట్లెక్కి వెళ్లిపోయారు.

"నన్నూ రమ్మన్నారు," అన్నారు బాబాయి. "వెళ్లిపోవచ్చు. వెళ్తే తప్పు పట్టేవాడు కూడా లేడు. కానీ అతను కొడతాడు కదమ్మాయ్. కొట్టినప్పుడు ఇటువైపు ఎవరూ పలక్కపోతే?"

ఆయన ఉండిపోయారు. రెండు దెబ్బలు వినపడితే రెండు కొట్టారు. మధ్యలో ఒకసారి అటువైపు నుంచి ఏమీ రాలేదట. ఎంతసేపో తెలియదు, అక్కడ వేళ తెలిసే వీలే లేదు కదా. అతను పడిపోయాడేమో, పోయాడేమో. ఈయనే కొట్టడం మొదలుపెట్టారు. జవాబు లేదు. మళ్లీ కొట్టారు. భయం వెయ్యలేదా అని అడిగాను. "ఎందుకెయ్యదు? భయంతోనే కొట్టేను," అన్నారు. చాలాసేపటికి ఒక దెబ్బ వచ్చింది. తర్వాత ఇంకోటి. చేతులు కొయ్యబారిపోయి సుత్తి నీళ్లలో పడిపోయిందట అతనికి. వెతికి తీసుకునేదాకా ఈ చప్పుడు వింటూ ఉన్నాడట. అది తర్వాత అతను సైగలతో చెప్పాడు.

మంచుపలక దానంతటదే పక్కకి జరిగిపోయింది. సిమెంటు పట్టింది. నీళ్లు ఆగాయి. పడవని తాడు కట్టి మంచు బయటికి లాక్కొచ్చారు. ఆజ్ఞ వినలేదని ఈయన్ని అందరి ముందూ నిలబెట్టి చివాట్లు పెట్టారు. అవి న్యాయమైన చివాట్లే అన్నారు బాబాయి. పైకి వచ్చిన ఆ మేస్త్రీ మాత్రం ఈయన దగ్గరికి నడిచి వచ్చి, చెయ్యి కలపలేదు, కావలించుకోలేదు. ముడుచుకుపోయిన వేళ్లతో ఈయన గుండె మీద రెండు సార్లు కొట్టాడు. ఈయన అతని గుండె మీద రెండు కొట్టారు. పేరు కూడా అడగలేదట.

"ఇంత చేశారు, పిల్లలకి చెప్పరే?" అన్నాను.

"నేనేం చేసేను? పగులు పూడ్చింది అతను. లాగింది ఓడ. నేను పలికేను, అంతే."

మరి ఇవాళ నేను లేనప్పుడు కొట్టడం దేనికని మళ్లీ అడిగాను. నాకూ మొండితనం ఉంది. "నువ్వు వచ్చేటప్పటికి గోడ ఊరుకుని ఉండకూడదు కదా," అన్నారు. ముసలివాళ్ల మాటలు కొన్ని అర్థం కాకపోయినా తల ఊపుతాం. అలాగే ఊపి, ఖాళీ గ్లాసు కడిగి బోర్లించి వచ్చేశాను.

ఆ తర్వాత గోడ దగ్గర చిరాకు పడలేదు. నేనే ఇవతల నిలబడ్డ మనిషిననీ, లోపల మంచునీళ్లలో ఉన్నది ఆయనేననీ అనుకున్నాను. నేను పలకాలి, లేకపోతే ఆయన భయపడతారు. అందుకే సాయంత్రం పెళ్లిళ్లకి పోవడం మానేశాను. పండరీ బజారులో బట్టల కొనుగోళ్లు కూడా పగటి పూటే ముగించుకుని వచ్చేదాన్ని. కనిపెట్టుకుని ఉన్నానన్న గర్వం కొంచెం ఉండేది కూడా.

సమాధి చేసే రోజు జనం ఎక్కువమంది లేరు. వాళ్ల చర్చి సంఘం మనుషులు, మా సందులోవాళ్లు, నేను. పెట్టె మూత వేసే ముందు ఆయన చేతులు చూశాను. మూత వేశాక దాని మీద వేళ్లు ఆనించాను. కొట్టాలనిపించింది. కొడితే జవాబు కోసం చూస్తానని తెలిసి కొట్టలేదు.

తిరిగి వచ్చేటప్పుడు సంఘంలోని ఒక పెద్దావిడ నా పక్కన నడుస్తూ, నువ్వు పక్కింటి అమ్మాయివా అని అడిగింది. అవునన్నాను. "క్రిస్మస్ భోజనాలకి కూడా ఉండేవారు కాదమ్మా," అంది. "పొద్దు వాలుతుంటే చాలు, లేచిపోయేవారు. మా అమ్మాయి ఒక్కత్తే ఉంటది, తల్లి పోయింది, అది బడి నుంచి వచ్చేసరికి నేను గోడ దగ్గర ఉండాలి అనేవారు. దాని కోసమేనని చెబితే ఒప్పుకోదు, అందుకని నాకే భయమని చెప్పేను అని నవ్వేవారు."

నేను నడుస్తూనే ఉన్నాను. ఆవిడ ఇంకా ఏదో చెబుతోంది. అమ్మ పోయాక చుట్టాలంతా వెళ్లిపోయిన ఆ సాయంత్రం, దీపం వెయ్యని వంటింట్లో కూర్చున్నది ఎవరో అప్పుడు కళ్లకి కట్టింది. ఇన్నాళ్లూ నేను ఆయనకి పలుకుతున్నాననుకున్నాను. రోజూ లోపలి నుంచి కొట్టింది నేనే. ఇనుప గోడకి ఇవతల నిలబడి, వెళ్లిపోవచ్చని అందరూ చెప్పినా వెళ్లకుండా ఉన్నది మాత్రం ఆయనే. దారిలో ఏడవలేదు. ఇంటికి వచ్చి, ఆ వేళకి గోడ మౌనంగా ఉంటే ఏడ్చాను. అమ్మ కోసం ఏడవవలసింది కూడా అప్పుడే ఏడ్చాను.

తర్వాతి సాయంత్రాలు ఎలా గడిచాయో రాయడం నాకు ఇష్టం లేదు. స్టవ్ వెలిగించి, గోడకేసి చూసి, స్టవ్ ఆర్పేసేదాన్ని. బడి నుంచి ఆలస్యంగా రావడం అలవాటు చేసుకున్నాను. స్టాఫ్ రూమ్‌లో ఊడ్చేవాళ్లు వచ్చేదాకా కూర్చునేదాన్ని.

పిన్ని తరఫువాళ్లు వచ్చి సామాను తీసుకెళ్లారు. పానా నాకిమ్మని అడుగుదామనుకున్నాను, అడగలేకపోయాను. ఇనుప సామానుతో పాటు పాత ఇనుము కొనే కబాడీవాడికి వెళ్లిపోయింది. ఇల్లు అద్దెకిచ్చారు. కొత్తగా పెళ్లయిన జంట దిగింది. బిలాస్‌పూర్ వైపు వాళ్లు. అతనికి ఉర్లా ఫ్యాక్టరీలో పని. ఆ పిల్లకి ఊరు కొత్త, మనుషులు కొత్త.

మొన్న ఆదివారం. పొద్దు వాలుతోంది. చపాతీ పిండి కలుపుకుంటున్నాను. గోడ మీద రెండు దెబ్బలు వినపడ్డాయి.

కర్ర ఎప్పుడు అందుకున్నానో తెలియదు. ఆ గుంటలో రెండు కొట్టేశాను.

అటువైపు చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి ఆ పిల్ల నా గుమ్మంలో నిలబడింది, చేతిలో సుత్తి, కొంగున మేకులు. వాళ్లాయన నైట్ డ్యూటీకి వెళ్లాడట, తను క్యాలెండర్ తగిలించుకుంటోందట. చప్పుడుకి ఇబ్బంది అయిందా, అందుకే కొట్టారా అని బెదురుగా అడిగింది. లేదు, కొట్టుకో అన్నాను. "తో ఆప్‌నే క్యోఁ ఠోకా, దీదీ?" అంది. మరి మీరెందుకు కొట్టారు అని. ఇన్నేళ్లుగా పిల్లలకి హిందీ చెబుతున్నదాన్ని, ఆ ప్రశ్నకి ఆ భాషలో ఒక్క మాట దొరకలేదు. ఊరికే అన్నాను. ఆ పిల్ల నా మొహం చూసింది, వెనకాల చీకటి పడుతున్న ఇల్లు చూసింది, వెళ్లిపోయింది.

మిగతా మేకులు దిగిన చప్పుడు విన్నాను. ఆ తర్వాత అటువైపు తలుపు వేసుకున్న చప్పుడు. దీపం వేసి, పిండి ఉండలు చేసుకుని కూర్చున్నాను.

అప్పుడు గోడ మీద మెల్లగా, సుత్తితో కాదు, వేలి కణుపుతో, ఉన్నారా అని అడిగినట్టు రెండు సార్లు చప్పుడైంది. చపాతీ కర్ర నా చేతిలోనే ఉంది.